రెండుసార్లు చల్లిన వాకిలి

నేను కాపురానికి వచ్చిన మర్నాడు తెల్లవారుతూనే మా అత్త నా చేతిలో ఒక కుండపెంకు పెట్టి నిప్పు తెమ్మంది. తలుపు తీయగానే పక్కింటి కప్పు మీంచి పొగ లేస్తూ కనిపించింది. ఆ ఇంటికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. అటు అడుగు వేశానో లేదో అత్త వెనక నుంచి నా కొంగు పట్టి ఆపింది. అటు కాదు, వాడ చివర కొట్టం పక్కనున్న ఇంటికి పొమ్మంది. కొత్త కోడల్ని గనుక అటే నడిచాను. పోయి వచ్చేసరికి పెంకులో సగం నిప్పు బూడిదైంది, నా వేళ్ళు కాలాయి. గోడవతల పొయ్యి భగభగ మండుతుంటే నాకీ తిప్పలేమిటని ఒళ్ళు మండిపోయింది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పుట్టింట్లో మా నాయన నన్ను ఎండుమిరపకాయ అని పిలిచేవాడు.

అవి నైజాం రోజులు. నారాయణఖేడ్ ఊరు దాటాక, చెలకలు మొదలయ్యే చోట మా వాడ. సాయబు దుకాణంలో అగ్గిపెట్టెలు ఉండేవి గానీ మా వాడలో అగ్గిపెట్టె కొన్న ఇల్లు నాకు గుర్తు లేదు. పడుకునే ముందు బూడిద కింద ఒక పిడక కప్పిపెడితే తెల్లారేదాకా నిప్పుకణిక ఉండేది. అది ఆరిపోతే పెంకు పట్టుకొని పక్కింటి గడప ముందు నిలబడటమే. నిప్పు అడిగితే లేదనేవాళ్ళు లేరు, ముందురోజు జుట్లు పట్టుకొని కొట్లాడినా సరే. ఒక్క చోట మాత్రం అడగకూడదు. మశూచిని మావైపు తల్లి అంటారు. తల్లి పోసిన పిల్ల ఉన్న ఇంటికి గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ ఇంట్లోంచి నిప్పు గానీ ఉప్పు గానీ గడప దాటకూడదు. దాటితే తల్లి అలిగి వెళ్ళిపోతుంది, పోతూ పోతూ పిల్లను తీసుకుపోతుందని నమ్మకం.

పక్కింటితో మా గొడవంతా అక్కడే ఉంది. అత్త నాకు ఆ కథ ఒకేసారి చెప్పలేదు. కలుపు తీసేటప్పుడు కొంత, జొన్నలు విసిరేటప్పుడు కొంత చెప్పింది. మా అత్తా, పక్కింటామె ఇద్దరూ ఒకే ఏడు ఈ వాడకు కోడళ్ళుగా వచ్చారట. ఒకే విసుర్రాయికి చెరో పక్క కూర్చొని పిండి విసురుకునేవారు. బోరంచ నల్లపోచమ్మ జాతరకు కలిసి నడిచిపోయేవారు. తర్వాత మా మామ, అత్త బాప్తిస్మం తీసుకున్నారు. దానికి కూడా పక్కింటామె అలగలేదు. దేవుడు మారినా గోడ ఇవతలికీ అవతలికీ నిప్పు తిరుగుతూనే ఉంది. ఒకనాడు పొద్దున్నే అత్త ఎప్పటిలాగే పోయి ఆ ఇంటి నుంచి నిప్పు తెచ్చుకుంది. ఆ సాయంత్రానికి పక్కింటి పిల్ల ఒంటిమీద తల్లి కనిపించింది. వేపమండలు కట్టకముందే నిప్పు గడప దాటిపోయింది. పిల్ల దక్కలేదు. తల్లిని వదిలేసినవాళ్ళు వచ్చి ఇంట్లో నిప్పు ఎత్తుకుపోయారని ఆమె వాడంతా వినేలా దుమ్మెత్తి పోసింది. అంతే, ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాట లేదు. ఆ ఇంటి నిప్పు మాకే కాదు, ఇంకెవరికీ కూడా బయటికి రాలేదు.

మా అత్తకు చదువు రాదు. నేను మెదక్ వైపు మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని గనుక పొద్దుగూకే ముందు వాకిట్లో కూర్చొని ఆమెకు బైబిలు వాక్యం చదివి వినిపించేదాన్ని. శత్రువును ప్రేమించాలన్న మాట వస్తే నేను గబగబా చదివేసి ముందుకు పోయేదాన్ని. ఆమె పోనిచ్చేది కాదు, మళ్ళీ చదవమనేది. పటేలు రేపు ఫలానా చేను కోయమంటే ఎలా వింటుందో దీన్నీ అలాగే వినేది. చెప్పిన పని చేయడమే ఆమెకు తెలుసు. అది ఎలా కుదురుతుంది, ఎందుకు కుదరదు అన్న చర్చలు నావి.

ఆమె చేసిందేమిటంటే, పొద్దున లేచి మా వాకిలి ఊడ్చి సాన్పు చల్లేటప్పుడు ఆ చేత్తోనే పక్కింటి వాకిలి కూడా ఊడ్చి పేడనీళ్ళు చల్లేది. కాసేపటికి పక్కింటామె తలుపు తీసి, ఆ చల్లిన చోటనే మళ్ళీ తన బిందెతో తాను పేడనీళ్ళు కలుపుకొచ్చి, ఒక్క జానెడు కూడా వదలకుండా చల్లేది. మా చెయ్యి తగిలిన జాగా కడుక్కున్నట్టన్నమాట. ఏళ్ళ తరబడి ఇదే తంతు. వాడలో అంత శుభ్రమైన వాకిలి ఇంకోటి లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అది చూసి, ఈ ఇంట్లో పిల్లెవరైనా ఉందా అని అడిగారని చెప్పుకొని నవ్వేవారు.

నాకు నవ్వు రాలేదు. ఒకరోజు ఆమె కావాలనే మా గడప మీదికి నీళ్ళు చల్లింది. నేను నడుముకు కొంగు చుట్టి, నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆమె నావైపు చూడనైనా చూడకుండా లోపలికి పోయింది. అత్త నన్ను తిట్టలేదు. మర్నాడు చీపురు నా చేతికిచ్చి, ఇకనుంచి రెండు వాకిళ్ళూ నన్నే ఊడ్వమంది. ప్రేమ లేకుండా ఊడిస్తే అది దొంగ ఊడ్పు కాదా, ముందు మనసులో ప్రేమ రావాలి కదా అని వాదించాను.

"ఊడ్వు నువ్వు," అంది అత్త. "గది వచ్చినప్పుడు వస్తది."

ఊడ్చాను. అది రాలేదు. కోపంతో ఊడ్చాను గనుక ఇంకా బాగా ఊడ్చాను.

మా ఇంట్లో ఉట్టి మీద ఒక ముంత ఉండేది. దానికి దేవుని ముంత అని పేరు. మా సంఘంలో ప్రతి ఇంటికీ ఒకటి ఉండేది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ, వండబోయే జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి ముందు అందులో పోయాలి. ముంత నిండాక ఆదివారంనాడు ప్రార్థన గుడిసెకు తీసుకుపోయి సంఘ పెద్ద ముందు పెట్టాలి. ఆ జొన్నలు పోగుచేసి అమ్మి, గుడిసె గడ్డికప్పు తీసేసి గూనపెంకుల కప్పు వేయాలని ఆయన కోరిక. ముసలివాడు, మంచివాడు. ఆ కప్పు కింద ఒక్కసారైనా ప్రార్థన చేసి కన్నుమూయాలని అందరితో అనేవాడు. ఆ ముంతలో చెయ్యి పెట్టడమంటే మా ఆడవాళ్ళకు వణుకు. పోచమ్మకు ముడుపు కట్టిన బట్టను మొక్కు తీరకముందు విప్పడానికి మా అవ్వలు ఎంత భయపడేవారో, ఈ ముంతకూ అంతే భయపడేవారు.

ఆ ఏడు వానలు పడలేదు. పెసర్లు, కందులు పూత దగ్గరే మాడిపోయాయి. పటేళ్ళ చేలల్లో పని లేదు. కంగ్టి, సిర్గాపూర్ వైపు నుంచి కూడా జనం మూటలు నెత్తిన పెట్టుకొని మా ఊరి మీదుగా పట్నం దారి పట్టారు. మా ఆయనా, పక్కింటామె మొగుడూ వాళ్ళతో పోయారు. అప్పటికి ఆమెకు లేకలేక కలిగిన ఆడపిల్ల ఒళ్ళో ఉంది. మా మామ నేను రాకముందే చనిపోయాడు గనుక ఇంట్లో మిగిలింది అత్తా, నేనూ.

మేము ఒకపూట తిని ఒకపూట నీళ్ళు తాగి పడుకున్నాం. అయినా అత్త ముంతలో పిడికెడు పోయడం మానలేదు. గిన్నెలో ఉన్నదే మూడు పిడికెళ్ళయితే అందులోంచి కూడా తీసేది. నాకు కడుపు మండేది, ఆకలితో కొంత, ఆమె పంతానికి కొంత. దేవుడికి ఆకలి కాదు, నాకవుతుంది అని ఒకసారి పైకే అనేశాను. ఆమె విననట్టే పిడికిలి విప్పి ముంతలో పోసింది.

అత్తకు పొద్దున లేవగానే పక్కింటి కప్పు వైపు చూసే అలవాటు ఉండేది. పొగ కనిపిస్తే సరే అన్నట్టు తల ఊపి పనిలో పడేది. ఒకరోజు పొగ లేవలేదు. బూడిద కింద కణిక ఆరిపోయి ఉంటుంది, ఎవరి దగ్గరో తెచ్చుకుంటుందిలే అన్నాను. మర్నాడూ లేవలేదు. పసిదాని ఏడుపు ముందురోజు దాకా గోడ దాటి వచ్చేది. ఆ పొద్దున చెవి పెట్టి వింటే తప్ప వినిపించలేదు. వాకిట్లో మేము చల్లిన సాన్పు మేము చల్లినట్టే ఎండిపోయింది, దాని మీద రెండోసారి చల్లడానికి ఎవరూ రాలేదు. అత్త ఆ వాకిలి చూసింది.

తర్వాత లోపలికి వచ్చి, ఉట్టి మీంచి దేవుని ముంత దించింది.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఒంట్లో తెలుస్తుంది. మేము కడుపులు మాడ్చుకున్నప్పుడు ముట్టని ముంత, మమ్మల్ని తిట్టి, మా చెయ్యి తగిలిన వాకిలి కడుక్కున్న మనిషి కోసం దిగుతుందా? నా ఆకలి ఆకలి కాదా? అవన్నీ అడిగాను. అరిచాననే చెప్పాలి.

"నీకు అత్త ఉన్నది," అంది ఆమె. "ఆమెకు ఎవరున్నరు?"

తెలివి ఉంది గనుక ఇంకో అడ్డం పెట్టాను. మన చేతి కూడు ఆమె తినదు, ప్రాణం పోయినా తినదు, గడప మీదే పారబోస్తుంది అన్నాను. అత్త ఒప్పుకుంది. పెడితే తినదు, అందుకని మనమే పోయి అడుగుదాం అంది. ఏమి అడుగుతాం అంటే చెప్పలేదు. మూలనున్న రోకలి తీసుకుంది. నేను ఆ నెలలోనే ఎర్రమట్టీ పొట్టూ తొక్కి, చక్కగా వేసి, అలికి పెట్టుకున్న పొయ్యిని ఒక్క పోటుతో పగలగొట్టింది.

మా అత్త అబద్ధం ఆడదు. మా పొయ్యి పగిలిందని ఆ ఇంటి గడప ముందు చెప్పాలంటే ముందు అది పగలాలి. అంతే ఆమె లెక్క. పగిలిన పొయ్యిలోంచి నాలుగు కణికలు ఏరి కుండపెంకులో వేసి నాకిచ్చింది. తాను ముంత పట్టుకుంది. కొత్త పొయ్యి వేసినా ఎండడానికి వారం పదిరోజులు పడుతుంది, అన్ని రోజులూ అక్కడే వండుకోవచ్చు అంది. పొయ్యి పోయిన బాధలో నేను ఏడుస్తూనే వెనక నడిచాను.

పక్కింటామె చాప మీద గోడకు ఒరిగి ఉంది. ఎండిన రొమ్మును పిల్ల నోట్లో పెట్టి ఉంది. పిల్లకు చప్పరించే ఓపిక కూడా లేదు. మేము గడప ఇవతలే ఆగాం.

"మా పొయ్యి పలిగింది చెల్లె," అంది అత్త. "నీ పొయ్యి మీద ఇంత అంబలి కాసుకోనియ్యి. నువ్వే కాసి పెట్టు, నీ చేతులతోని తింటం."

ఆమె కళ్ళు తెరిచి నా చేతిలో నిప్పు చూసింది. మూడు రాళ్ళు పెట్టుకొని కాచుకోరాదా, మీ ఇంట్లో రాళ్ళకు కరువా అని అడిగింది. ఒంట్లో సత్తువ లేకపోయినా మాటలో ఉంది. అత్త తడబడింది. ఆమె వేసుకున్న ఎత్తులో రాళ్ళ సంగతి లేదు.

"పెట్టుకోవచ్చు," అంది చివరికి. "నీ దగ్గరికి రావాలని నేనే పొయ్యి పలగ్గొట్టిన. నీ ఇంట్ల పొగ లేస్తలేదు. నాకు కాలు నిలుస్తలేదు."

పక్కింటామె నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. మీ నిప్పు నా ఇంట్లకు వద్దు అంది. అత్త సరేనని గడప పక్కనే నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎండ వచ్చింది. పెంకులో నిప్పు ఆరిపోకుండా నేను ఊదుతూనే ఉన్నాను. అంత కోపంలో ఉన్నదాన్ని ఎందుకు ఊదుతున్నానో నాకే తెలియదు. లోపల పసిది ఒకసారి మూలిగింది. ఆ మూలుగుకు మాత్రం నా కోపం నీళ్ళు గారిపోయింది. తెచ్చుకుంటే రాని ప్రేమ అదేనేమో, పేరు నాకు తెలియదు.

అప్పుడు పక్కింటామె మాట్లాడింది. మాతో కాదు, పొయ్యితో మాట్లాడుతున్నట్టు అటు చూస్తూ అంది.

"ఆ పొద్దు పెద్దపిల్లకు ఒళ్ళు వెచ్చగున్నదని నాకు తెల్సు. తెల్సి గూడ నిప్పు నేనే ఇచ్చిన. నువ్వు ఎత్తుకపోలే. నా చేతులతోనే నీ పెంకుల ఏసిన."

ఇన్నేళ్ళు వాడంతా చెప్పుకున్న కథలో ఆ ముక్క లేదు. అత్త కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు గుర్తు లేక కాదు. నిందంతా తన మీద వేసుకొని ఊరుకుంటే అవతలి మనిషి ఆ మాత్రమైనా ఊపిరి పీల్చుకుంటుందని ఊరుకుంది. అది నాకు ఆ గడప దగ్గర తెలిసింది.

"నువ్వు నాకిచ్చింది నిప్పు చెల్లె," అంది అత్త. "బిడ్డను గాదు. బిడ్డ జబ్బుతోని పోయింది. గిన్నేండ్లు గీ మాట కడుపుల పెట్టుకోని ఎట్ల బతికినవే నువ్వు?"

పక్కింటామె పసిదాన్ని చాప మీద పడుకోబెట్టి, గోడ పట్టుకొని లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది. అత్త గడప దాటింది. నేను వెనకాలే పోయి చల్లారిన పొయ్యిలో మా నిప్పు పెట్టాను. దేవుని ముంతలోని జొన్నలు ఆ ఇంటి విసుర్రాయిలో పోసి విసిరాను. గరిట మాత్రం అత్త ఆమె చేతికే ఇచ్చింది. ఆమె కూర్చున్న చోటి నుంచే కలిపింది.

అంబలి దిగాక ఆమె గరిటెడు తీసి ముందు పొయ్యి పక్కన పోచమ్మ తల్లికని పోసి మావైపు చూసింది. పోచమ్మకు పెట్టిన కూడు ముట్టకూడదని మా సంఘంలో గట్టి కట్టుబాటు. నేను అత్త మొహం చూశాను. అత్త కళ్ళు మూసుకొని, ఇంట్లో రోజూ చేసినట్టే, ఈ ఆహారమిచ్చిన తండ్రికి స్తోత్రమని పైకి చెప్పి, కళ్ళు తెరిచి గిన్నె అందుకుంది. ఆమె మొక్కు ఆమెది, మా స్తోత్రం మాది. అంబలి ఒకటే. పక్కింటామె రెండు గుక్కలు తాగాక మేము తాగాం. పసిదాని నోట్లో పలుచటి తేట వేలితో పెట్టింది అత్త. పెట్టిన వేలిని అది పట్టుకుంది.

ఆదివారం అత్త ఖాళీ ముంతను సంఘ పెద్ద ముందు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. గుడిసెలో గుసగుసలు లేచాయి. దేవుని సొత్తు తింటే ఏమవుతుందో తెలియదా, పైగా పోచమ్మ పొయ్యి దగ్గర తిన్నావా అని పెద్దాయన అడిగాడు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

"నాకు తెల్వది పెద్దయ్యా," అంది అత్త. "ఏమైతదో అది నాకే కానియ్యి. ఆకలైనోళ్ళకు పెట్టమని నువ్వే చెప్పినవు. నేను గదే ఇన్న."

వెనక నుంచి ఎవరో, ఇక వాడలో ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా ఈ పాపమే అన్నారు. కోడళ్ళు సంఘంలో లేచి మాట్లాడటం మావైపు లేదు. నేను లేచాను.

"పక్కింటి చిన్నత్త నిప్పు గడప దాటితే తల్లి అలుగుతదని భయపడ్డది," అన్నాను. "మనం జొన్నలు ముంత దాటితే దేవుడు అలుగుతడని భయపడుతున్నం. మరి మనం మారింది ఏంది?"

పెద్దాయన ఖాళీ ముంతను తన వైపు తీసుకోలేదు, మా వైపు తోయనూ లేదు. ప్రార్థనలో ఆ రోజు మా ఇంటి పేరు ఎత్తలేదు, తర్వాత చాలా వారాలు కూడా ఎత్తలేదు. అత్త మాత్రం ప్రతి ఆదివారం అదే చోట కూర్చొని, అదే గొంతుతో పాడింది. వారం తిరక్కముందే పెద్దాయన భార్య కొంగులో నాలుగు పిడికెళ్ళ జొన్నలు తెచ్చి, ఎవరికీ చెప్పొద్దని, పక్కింటికిమ్మని మా ఇంట్లో పోసి పోయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా తెచ్చారు. మిగతావాళ్ళు తేలేదు. వాళ్ళకూ కరువే, తప్పు పట్టలేను.

నేను కొత్త పొయ్యి వేశాను. అది ఎండింది, గోరు దిగనంత గట్టిపడింది. అయినా పూటపూటకూ పక్కింట్లోనే వండుకునేవాళ్ళం. పొయ్యి ఎండిందని చెబితే అత్త వినిపించుకోలేదు. ఎండలేదని అంటే అబద్ధమవుతుంది గనుక అసలు దానివైపే చూసేది కాదు. పట్నం నుంచి మగవాళ్ళు ఎవరి వెంబడో నూకలు పంపిన రోజున, పక్కింటామె లేచి నడిచి, పిల్లను చంకనేసుకొని మా గుమ్మం దాకా వచ్చి, మా పొయ్యిని పిడికిలితో కొట్టి చూసి, ఇది ఎప్పుడో ఎండింది కదా అంది. అత్త దొంగతనం చేసి దొరికిపోయినదానిలా నవ్వింది. ఆ రోజు నుంచి మా పొయ్యి మీద మేము వండుకున్నాం.

అంతా మారిందని చెప్పను. మాటలు కలిశాయి, విసుర్రాయి దగ్గర మళ్ళీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కానీ ఆ ఇంటి నిప్పు మాత్రం బయటికి రాలేదు. మేము అడగలేదు, ఆమె ఇవ్వలేదు. నేను పొద్దున పెంకు పట్టుకొని వాడ చివరికే పోయేదాన్ని. నేను చల్లిన సాన్పు మీద ఆమె రెండోసారి చల్లడం కూడా మానలేదు. అది ఇప్పుడు అసహ్యమో అలవాటో నాకు తెలియదు. చెయ్యి ఒకసారి నేర్చిన భయాన్ని అంత తొందరగా మరచిపోదు. అత్త దాని గురించి ఒక్క మాట అననివ్వలేదు.

మరుసటి ఏడు, మగవాళ్ళు పట్నం నుంచి ఇంకా రాకముందే, వానలు వచ్చాయి. వచ్చినవి ఆగలేదు. ప్రార్థన గుడిసె గడ్డికప్పు కుళ్ళిపోతే మేము తడుస్తూనే పాటలు పాడుకున్నాం. పిడకలన్నీ నాని ముద్దలైపోయాయి. ఆ ముసురులో అత్తకు చలిజ్వరం తగులుకుంది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. కడుపులోకి వేడిగా ఇంత అంబలి పోస్తే తప్ప ఆమె నిలవదని నాకు తెలుసు. బూడిదలో కణిక లేదు. గోనెపట్టా కప్పుకొని వాడ చివరికి పరుగెత్తాను. అక్కడా పొయ్యి ఆరిపోయింది. దారిలో అడిగిన ప్రతి ఇంట్లోనూ అదే మాట. తిరిగి వస్తుంటే పక్కింటి కప్పులోంచి పొగ కనిపించింది. వాడ మొత్తానికి నిప్పున్నది అక్కడే.

నేను అడగలేదు. ముందురోజు నుంచీ ఆమె పిల్లకు ఒళ్ళు కాలిపోతోందని నాకు తెలుసు. ఏం జ్వరమో ఇంకా తేలలేదు. మొదటిసారీ అచ్చంగా ఇలాగే జరిగింది కదా. ఆ కన్నతల్లి గుండెల్లో ఏముంటుందో నాకు తెలిసి, పెంకు తీసుకొని ఆ గడప ముందు ఎలా నిలబడను? లోపలికి వచ్చి అత్త కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకొని రుద్దుతూ కూర్చున్నాను. దేవుణ్ణి అడిగాను. అడిగానంటే, కోపంగానే అడిగాను.

గుమ్మంలో అలికిడి అయింది. పక్కింటామె నిలబడి ఉంది. తల తడిసిపోయింది, భుజాలు తడిసిపోయాయి. ఒక చేత్తో చాటను వానకు అడ్డంగా పట్టుకొని, దాని కింద రెండో చేత్తో కుండపెంకు పట్టుకుంది. పెంకు నిండా ఎర్రటి నిప్పు.

నేను భయపడి లేచాను. వద్దు చిన్నత్తా, పిల్లకు జ్వరముంది, తీసుకపో అన్నాను. ఆమె ఒకసారి తన ఇంటి వైపు తిరిగి చూసి, పెంకు నా ముందుకు చాపింది. ఆమెకు భయం పోలేదు. భయంతోనే తెచ్చింది.

"పట్టు జల్దీ," అంది. "చెయ్యి కాలుతున్నది."

చెయ్యి చాచి తీసుకున్నాను. ఆమె అత్త పక్కన కూర్చొని, "అక్కా" అని పిలిచింది. అంత జ్వరంలోనూ అత్త కళ్ళు తెరిచింది. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో వాళ్ళిద్దరికే తెలుసు. నేను పొయ్యి ముందు కూర్చొని ఊదుతూ, పొగ సాకుతో కావలసినంత ఏడ్చాను.

పిల్లకు వచ్చింది వానజ్వరమే. ముసురు విడిచేసరికి దిగిపోయింది. అత్త కూడా లేచి కూర్చుంది. మబ్బు విడిచిన మొదటి పొద్దున నేను చీపురు, పేడనీళ్ళ బిందె పట్టుకొని బయటికి వస్తే రెండు వాకిళ్ళూ అప్పటికే ఊడ్చి ఉన్నాయి. మా గడప దాకా సాన్పు చల్లి ఉంది. పక్కింటామె ఖాళీ బిందె బోర్లించి తన అరుగు మీద కూర్చొని పిల్లకు తల దువ్వుతోంది. నేను నా బిందె లోపల పెట్టేశాను. ఆ వాకిలికి ఆ రోజు ఒక్కసారే సాన్పు పడింది.